కారు ముక్కు మీది రెక్కలు

స్టూడియో ఆయన దూదిని టర్పెంటైన్‌లో ముంచి పిండాడు. గాజు పలక మీదికి తెచ్చి, ఆనించకుండా చేయి ఆపాడు.

"చెల్లీ, ఇంగోసారి చెప్తాండా" అన్నాడు, తల ఎత్తకుండానే. "ఇది తుడిస్తే నేను దిద్దిందంతా పోతాది. కారు మీద దిద్దిందీ పోతాది, మీ ఆయన మొగం మీద దిద్దిందీ పోతాది. అడుగున ఏముండాదో నాకు గ్యాపకం లేదు. పలక పాతది. పైపొర లేసొచ్చిందంటే ఇంగ ఏమీ మిగల్దు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆమె భర్త అసలు రూపం లోకంలో మిగిలి ఉన్నది ఆ ఒక్క పలక మీదే. ఆమె వెనక, గుమ్మం దగ్గర, ఆమె బావగారు తలపాగా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. నేను కిటికీ రెక్క తీసి పట్టుకున్నాను, వెలుతురు కోసం.

"తుడువన్నా" అంది ఆమె.

ముందు కారు ముక్కు తుడిచాడు. దూది బూడిద రంగుకు తిరిగింది. అంతే, ఏడాదిగా నన్నూ, నా మిత్రుణ్ణీ, మద్రాసులో ఒక కార్ల ఏజెంటునీ తిప్పలు పెట్టిన ఆ రెండు రెక్కలు దూదికి అంటుకుని వచ్చేశాయి. ఆయన పలకను కిటికీకి ఎదురుగా పట్టుకున్నాడు. నెగెటివ్ కదా, అందులో తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా కనిపిస్తుంది. కారు ముక్కు మీద మూడు నల్లటి అడ్డగీతలు, వాటి నడుమ ఒక తెల్లటి చుక్క.

చాలాసేపు చూసి, పలకను బల్ల మీద పెట్టి, నెత్తి గోక్కున్నాడు.

"రెక్కలు కాదు సామీ" అన్నాడు. "ఇబూది. నడుమ కుంకంబొట్టు. ఆయుధపూజ చేసినారు బండికి. నేనే రెక్కలు మొలిపిస్తి."

మీలో కొత్తగా విలేకరి వృత్తిలోకి వచ్చినవాళ్ళకి ఇదంతా గజిబిజిగా ఉంటుంది. కొంచెం వెనక్కి పోయి చెబుతాను.

నేను అప్పట్లో ఒక తెలుగు దినపత్రికకు బళ్ళారి విలేకరిని. జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసి కొన్నేళ్ళయింది. ఆఫీసుల్లో కన్నడం, బజారులో తెలుగు, సంతలో ఉర్దూ కలిసిన రెండూ. మా పేపరు రైల్లో వచ్చి మధ్యాహ్నానికి చేరేది. బెంగళూరు రోడ్డు షావుకార్లు నిన్నటి పత్తి ధర ఇవాళ చదివి, అది తప్పని నాకు చెప్పేవాళ్ళు. కాలువ నీళ్ళు, గనుల లారీలు, డ్యాము చూడ్డానికి వచ్చే మంత్రులు, ఇదే నా పని. నాకొక మిత్రుడుండేవాడు, కన్నడ పేపరు విలేకరి. ఇద్దరికీ హోటల్లో ఒకే బల్ల, ఇద్దరి మధ్యా ఒక్కటే టైపు మిషన్. అతనికి కార్లంటే పిచ్చి. సొంతానికి సైకిలు కూడా లేదు గానీ రోడ్డు మీద హారన్ వినబడితే, తల తిప్పకుండానే అది ఏ కారో చెప్పేవాడు. పదిలో ఆరుసార్లు సరిపోయేది.

ఒక ఎండాకాలం ఆమె కురుగోడు నుంచి బస్సులో వచ్చింది. చేతిలో గుడ్డలో చుట్టిన ఫొటో. పక్కన భర్త అన్నగారు. ఆయన వయసు మళ్ళిన రైతు, మాట తక్కువ.

ఫొటోను మా బల్ల మీద, కాఫీ గ్లాసులు జరిపి, పరిచింది. పెద్దది చేయించిన ఫొటో. దండులో, అంటే పాత మిలిటరీ బంగళాల వైపు, ఒక బంగళా ముందర గుండ్రటి చిన్న కారు. దానికి ఆ పక్క ఇద్దరు తెల్లవాళ్ళు, ఒకడి నోట్లో పైపు. ఈ పక్క, కారు తలుపు మీద చేయి వేసి, నూనె మరకల చొక్కాతో ఒక మనిషి. ముఖం నున్నగా, పెళ్ళికొడుకు ముఖంలా మెరుస్తోంది.

"మా ఆయన" అంది. "మోటారు షెడ్డులో పని చేస్తాండె. ఈ దొరలు కారు తెచ్చి ఈ ఎండల్లో, ఈ దుమ్ములో తోలి తోలి చూస్తాండ్రి. ఆయన్ని సాయానికి పెట్టుకున్యారు. ఆరు నెల్లు సండూరు గుట్టలంతా తిరిగినారు. మళ్ళ కారును బొంబాయికి తీసకపోతాండారని, ఆడ ఓడెక్కించి వస్తానని పాయ. పొయ్యేటప్పుడు మా వాకిట్లో ఆపినారు. నేను మజ్జిగిచ్చినా. అంతే."

"ఎన్నాళ్ళయింది?"

"పదేండ్లు దాటె" అన్నాడు బావగారు.

వెతకలేదా అని అడిగాను. వెతికారు. ఆయనే బొంబాయి పోయి వచ్చాడు. పోలీసులు కంపెనీ పేరు అడిగారు. కంపెనీ పేరు ఎవరికీ తెలియదు. ఆ దొరలు ఏ ఆఫీసుకూ పోలేదు, ఎవరికీ పేరు చెప్పలేదు. బంగళా కావలివాడికి తెలిసిందల్లా సాయంత్రమయితే కారు మీద టార్పాలిన్ కప్పేవారని, దగ్గరికి పోతే కసిరేవారని.

"అందుకని వస్తిమి" అంది ఆమె. "ఈ కారు ఏ కంపినీదో మీరు కనుక్కోండి. కంపినీ వాండ్లను అడిగితే, మా ఆయన్ని యాడ వదిలిపెట్నారో చెప్తారు కదా."

మాటలో ఎక్కడా తప్పులేదు. నేను బావగారి వైపు చూశాను. ఆయన కారు వైపు చూడడం లేదు.

"పన్నెండేండ్లు నిండితే కర్మ చెయ్యల్ల సామీ" అన్నాడు. "దర్భతో బొమ్మ చేసి కాల్చల్ల. మా వాడకట్టులో అందరూ అడుగుతాండారు. నా తమ్ముడు సచ్చిపోయింటే, దిక్కులేకుండా తిరుగుతాంటాడు కదా. అది నేను ఎట్ల ఓర్చుకోవల్ల?"

ఆమె నుదుట రూపాయంత బొట్టు ఉంది. బొమ్మ కాల్చిన రోజున అది చెరిపేస్తారు. అది అక్కడున్న అందరికీ తెలుసు. ఆయన చెడ్డవాడు కాదు. అందుకే పని కష్టమైంది.

ఇంతలో మా మిత్రుడు ఫొటో మీదికి వంగి, దాదాపు ముక్కు ఆనించి చూస్తున్నాడు.

"రెక్కలప్పా, రెక్కలు" అన్నాడు. "కారు ముక్కు మీద చూడు. నడుమ గుండ్రం, అటూ ఇటూ రెక్క. ఇంగ అడిగేదేముంది? సుమ్నే, ఊరికెనే, అంతదూరం పోయి వచ్చినారు పాపం." అని ఒక పెద్ద కంపెనీ పేరు చెప్పాడు. రెక్కల గుర్తుతో అప్పట్లో ప్రసిద్ధమైన కంపెనీ అది. నిజంగానే ఆ గుర్తు స్పష్టంగా ఉంది. ఈకలు కూడా లెక్కపెట్టవచ్చు.

మేము ఆ రెక్కల వెంట పడ్డాం. మద్రాసులో ఆ కంపెనీ ఏజెంటుకు రాశాం. వానలు వచ్చాయి, పోయాయి. జవాబు వచ్చింది. మా కంపెనీ బళ్ళారికి ఎప్పుడూ ఏ కారూ పంపలేదు, మా రెక్కలు కొంచెం పైకి వంగి ఉంటాయి, ఇవి బల్లపరుపుగా ఉన్నాయి, మీరు పొరబడినట్లున్నారు అని. మా మిత్రుడికి కోపం వచ్చింది. "మోడలు మార్చింటారు, ఒప్పుకోడు" అన్నాడు. మళ్ళీ రాశాం. మళ్ళీ అదే జవాబు, ఈసారి ఇంకా పొట్టిగా.

అప్పుడు నేను ఫొటోను పేపర్లో వేయించాను. 'ఈ మనిషిని ఎరుగుదురా?' అని కింద నాలుగు లైన్లు. డెస్కులో మా సబ్ ఎడిటర్‌కు మనిషి కన్నా కారు నచ్చింది. 'బళ్ళారిలో వింత కారు' అని హెడ్డింగు పెట్టాడు. కారు గురించి చాలా మంది రాశారు. ఒకాయన అది జర్మన్‌వాళ్ళదని, ఒకాయన ఇలాంటిదే తన మామగారి దగ్గర ఉండేదని, ఒకాయన దాన్ని తానే మరమ్మతు చేశానని. మనిషి గురించి ఒక్కరూ రాయలేదు. బొంబాయి రోడ్డున నిత్యం పోయి వచ్చే లారీవాళ్ళు మా జిల్లాలో వందలు. వాళ్ళలో ఒక్కడు కూడా ఈ ముఖాన్ని చూడలేదంటే నాకు ఆశ్చర్యమనిపించింది. అప్పుడది ఆశ్చర్యంతోనే ఆగింది. అంతకు మించి ఆలోచించలేదు.

చలికాలంలో, గనుల లారీల సమ్మె ఒకటి రాయడానికి బండ్రి వైపు పోయాను. అక్కడి గనికి యంత్రాలు బిగించడానికి వచ్చిన ఇంగ్లండు ఇంజినీరు ఒకాయన ఉండేవాడు. ఎర్రదుమ్ము ఆయన కనుబొమల దాకా పట్టి ఉండేది. సమ్మె గురించి ఆయన ఏమీ చెప్పనన్నాడు. సరే, వచ్చిన దారి దండగ కాకూడదని ఫొటో తీసి చూపాను.

ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు. తలకిందులుగా కూడా చూశాడు.

"ఈ ముక్కుకు గాలి పోయే దారే లేదు" అన్నాడు. "వెనక చక్రం పైన చీలికలు చూశావా? ఇంజను వెనక ఉంది. మా దేశంలో ఆ రెక్కల కంపెనీ ఇంజను వెనక పెట్టిన కారు ఎన్నడూ అమ్మలేదు. గుర్తు ఒకటి చెబుతోంది, ఒళ్ళు ఇంకొకటి చెబుతోంది. రెండింటిలో ఒకటి అబద్ధమాడుతోంది."

"ఒళ్ళు అబద్ధమాడదు కదా" అన్నాను.

"ఆడదు" అన్నాడు. "ఆ గుర్తు ఎవరు పెట్టారో కనుక్కో."

బస్సులో తిరిగి వస్తూ ఆ ఈకల గురించే ఆలోచించాను. అన్నేళ్ళ పాత ఫొటోలో చొక్కా గుండీలు అలుక్కుపోయాయి, పైపు దొర కళ్ళు కనబడడం లేదు, ఈకలు మాత్రం లెక్కకు వస్తున్నాయి. సూది మొనలాంటి ఈకలు. ఈ జిల్లాలో అంత సన్నగా గీయగల చేయి ఒక్కటే నాకు తెలుసు.

ఆ రోజుల్లో స్టూడియోలో ఫొటో తీయడం సగం పని. మిగతా సగం దిద్దడం. గాజు పలక మీద మందు పూసి, ఆరాక, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో ముఖం మీది మచ్చలు, మడతలు పూడ్చేవారు. పెళ్ళి సంబంధానికి పోయే ఫొటో అయితే ఇంకొంచెం ఎక్కువ పూడ్చేవారు. మా స్టూడియో ఆయన ఇందులో సిద్ధహస్తుడు. మెల్లకన్ను సరిచేసి పంపిన కథ ఒకటి ఆయనే చెప్పుకునేవాడు.

అడిగితే దాచలేదు.

"నేనే దిద్దినా" అన్నాడు. "ఈ చెల్లి దగ్గర చిన్న ఫొటో ఉండె, దాన్ని చెదలు తినేసె. పలక నా దగ్గర ఉండాదని వచ్చి, పెద్దది చేసియ్యమనిరి. కారు ముక్కు మీద ఏందో మసకమసకగా ఉండె. కారన్నాంక కంపినీ గుర్తు లేకుండా ఉంటాదా? ఇదే అయ్యుంటాదని, బజార్లో తిరిగే కార్లను చూసి, బాగా చేసిస్తి. సుమ్నే కాదు సామీ, రెండు దినాలు కూసున్యా దానికి."

"తీసెయ్యడానికి అవుతుందా?"

"అవుతాది. అయితే అంతా పోతాది."

అందుకే వాళ్ళిద్దరినీ కురుగోడు నుంచి పిలిపించాను. మొదట చెప్పిన రోజు అదే.

రెక్కలు పోయాయి. విభూతి బయటపడింది. ఆమెను అడిగాను, చిన్న ఫొటోలో ఈ బొట్టు నువ్వు చూడలేదా అని.

"నేను కారు ముక్కు యాడ చూస్తినన్నా?" అంది.

ఆయన రెండో దూది ముంచాడు. ముఖం. బుగ్గ మీద మెల్లగా, గుండ్రంగా తిప్పుతూ తుడిచాడు. పలకను కిటికీకి పట్టి చూస్తే మాకేమీ అర్థం కాలేదు. ఆయన చీకటి గదిలోకి పోయాడు. మేము ముగ్గురం బెంచీ మీద కూర్చున్నాం. బావగారు గోడ మీది పెళ్ళి ఫొటోలను ఒక్కొక్కటే చూస్తూ, "ఈండ్లంతా ఇంత తెల్లగా ఉంటారా సామీ?" అని నన్నడిగాడు. ఆమె నవ్వింది. ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే.

ఆయన తడి కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని బయటికి వచ్చాడు. పలకకు ఏమీ కాలేదు.

ముఖమంతా అమ్మవారు పోసిన మచ్చలు. ఎడమ కనుబొమ మధ్యలో వెంట్రుకలు లేవు. పెళ్ళికొడుకులా మెరిసిన ఆ మనిషి పోయి, రోడ్డు మీద ఎక్కడ చూసినా గుర్తుపట్టగల మనిషి వచ్చాడు.

"ఇది ఆయన" అంది ఆమె. "ఇన్నాండ్లూ ఆ నున్నటి మనిషిని చూస్తా, ఈయనే కదా, ఈయనే కదా అని నాకు నేనే చెప్పుకుంటాంటి."

"మంచిగుంటాదని చేస్తి తల్లీ" అన్నాడు స్టూడియో ఆయన.

"నాకు తెలుసులే అన్నా."

ఏడాదిగా ఒక్క లారీవాడూ ఎందుకు గుర్తుపట్టలేదో నాకు అప్పుడు తెలిసింది. తప్పిపోయినవాడి ముఖమని మేము ఊరూరా చూపించింది, ఎవరికీ లేని ముఖాన్ని.

కొత్త ఫొటో పేపర్లో వేశాం. ఈసారి కారు కత్తిరించి, ముఖం ఒక్కటే. దేశనూరు నుంచి ఒక లారీ డ్రైవరు, పని మానుకుని, పేపరు ముక్క జేబులో పెట్టుకుని వచ్చాడు. బొంబాయి రేవులో చూశానన్నాడు. ఓడలోకి ఎక్కించే పెద్ద చెక్కపెట్టె పక్కన కూర్చుని ఉన్నాడట.

"మనోడు ఒకడు కనపడినాడని మాట్లాడిస్తి" అన్నాడు డ్రైవరు. "ఈ పెట్టెలో కారుండాది, రేపు ఓడెక్కుతాది, నేను ఊరికి పోతా అనె. రా, నా లారీలో పోదామంటి. ఓడ లోపల ఎట్లుంటాదో ఒగసారి చూసి వస్తా, మళ్ళ యాడ చూస్తాను అనె. నేను వచ్చేస్తి."

ఈ మాట నేను ఆమెకు చెప్పాను. ఆమె అడిగింది ఒకటే. "ఓడలోకి పోతే దిగనిస్తారా?" నాకు తెలియదన్నాను.

ఇక కారు. విభూతీ బొట్టూ తప్ప దాని ముక్కు మీద ఏమీ లేదు. పేరు లేదు, గుర్తు లేదు, కనీసం గుర్తు బిగించడానికి రంధ్రం లేదు. బండ్రి ఇంజినీరు ఆ కొత్త ప్రింటు చూసి మొదటిసారి నాకు కుర్చీ వేయించాడు.

"పేరు లేదంటే ఇంకా పేరు పెట్టలేదన్నమాట" అన్నాడు. "అమ్మకానికి రాకముందు ఒకటో రెండో చేసి, ఎండ దేశాలకు పంపి, దుమ్ములో తోలి చూస్తారు. అది నచ్చితే పేరు పెడతారు. నచ్చకపోతే విరగ్గొడతారు. అందుకే దీన్ని ఎవరూ చూడలేదు."

ఆయన ప్రింటు ఒకటి తన దేశంలో ఒక పాత స్నేహితుడికి పంపాడు. ఆ స్నేహితుడు కార్ల కర్మాగారాల్లో పనిచేసి రిటైరైనవాడు. నెలలు గడిచాయి. ఇక్కడ పన్నెండో ఏడు నిండవచ్చింది. బావగారు పురోహితుణ్ణి అడిగి రోజు పెట్టించాడని కబురు తెలిసింది. నేను రెండుసార్లు బండ్రి పోయి వచ్చాను. రెండోసారి ఆయన, నువ్వు రాకపోతే జవాబు తొందరగా వస్తుంది అన్నాడు.

వచ్చింది. ఆ స్నేహితుడు కారును గుర్తుపట్టాడు. ఇంగ్లండు నడిబొడ్డున ఒక చిన్న కంపెనీ, యుద్ధం అయ్యాక, ఇంజను వెనక పెట్టి కొన్ని నమూనాలు చేసింది. వేడికి ఇంజను తట్టుకోలేదని ఆ ఆలోచన మానుకుంది. తర్వాత ఆ కంపెనీని పెద్ద కంపెనీ ఒకటి కలిపేసుకుంది. తోలి చూసిన ఇద్దరిలో పైపు దొర చనిపోయాడు. రెండో ఆయన ఎక్కడో ఆఫ్రికాలో ఉన్నాడంటారు, ఎక్కడో తెలియదు. సాయానికి పెట్టుకున్న మనుషుల పేర్లు ఎవరూ రాసి పెట్టలేదు.

మా మిత్రుడు హోటల్లో లేచి నిలబడి నాకు చేయి కలిపాడు. కన్నడ పేపర్లో పెద్ద వ్యాసం రాశాడు. లోకంలో ఎవరికీ తెలియని కారును బళ్ళారివాళ్ళం కనిపెట్టాం అని. రెక్కల సంగతి అందులో రాయలేదు.

జవాబుతో పాటు ఒక ఫొటో కూడా ఉంది. కారు తిరిగి చేరాక కర్మాగారం ఆవరణలో తీసిందట. తడి నేల, ఆకుల్లేని చెట్లు. మనుషులెవరూ లేరు. అదే కారు, అదే బోడి ముక్కు. ఇంజినీరు వేలు పెట్టి చూపి, చూడు, మీవాడి తాడు, మీ లారీలకు ఉండేలాంటిదే అన్నాడు. ముందు బంపరుకు ఒక నల్లటి తాడు కట్టి ఉంది. దాని చివర ఏదో వేలాడుతోంది.

మీరు ఈ వైపు లారీలు చూసే ఉంటారు. దిష్టికి నల్ల ఉన్నితాడు కట్టి, దానికి నిమ్మకాయ గుచ్చుతారు. ప్రతి అమావాస్యకూ కాయ మారుస్తారు. పాతది వారం తిరిగేసరికి వాడి, నెలకు నల్లగా ముడుచుకుని పోతుంది.

కర్మకు పెట్టిన రోజుకు ముందు నేను కురుగోడు కబురు పెట్టాను. ఇద్దరూ వచ్చారు. స్టూడియోలోనే కూర్చున్నాం, ఆయన భూతద్దం కోసం.

ఆమె తాడును చూసి వెంటనే, "ముడి ఆయనదే" అంది. "ఎద్దుకు పలుపేసినట్ల, రెండు మెలికలు." తర్వాత భూతద్దం తీసుకుంది. చాలాసేపు చూసింది. రోడ్డు మీద జట్కావాడు ఎవరినో తిడుతున్నాడు.

"బావా" అంది చివరికి. "కాయ కొత్తది."

బావగారు దగ్గరికి జరిగాడు. "ఏ కాయ?"

"ఓడలో నెల. ఆడికి పోయినాంక ఎన్నినాళ్ళో. పాతదయింటే రేగ్గాయంత అయ్యుండల్ల. ఇది గుండ్రంగా ఉండాది చూడు. ఎవరో మార్చినారు. ఆ దేశంలో దొరలు అమాసకి కాయ మారుస్తారా?"

బావగారు భూతద్దంలో చూశాడు. దూరంగా పెట్టి చూశాడు. "అది కాయో, ఇనప గుండో నాకు తెలీదు" అన్నాడు. "దొరలు ఎగతాళికి ఏదన్నా కట్టింటే?" గొంతులో మాత్రం పట్టుదల లేదు. నా చేతికిచ్చాడు. నేను చూశాను. గుండ్రంగా ఉంది. ఒక క్షణం నున్నగా అనిపించింది. ఇంకో క్షణం ఆ నునుపు కాగితానిదే అనిపించింది. ఓడలో పనివాడిగా ఎక్కిపోయిన మనుషులు ఉన్నారని నేను విన్నాను. ఎవరూ తిరిగి రాని కథలూ విన్నాను. రెండూ చెప్పలేదు.

ముగ్గురం స్టూడియో ఆయన వైపు తిరిగాం. మచ్చలు, ముడతలు చూడడమే ఆయన వృత్తి. జిల్లాలో ఆ పని అంత బాగా తెలిసిన కళ్ళు ఇంకెవరికీ లేవు. ఆయన అద్దం కంటికి పెట్టుకుని వంగాడు. లేచాడు. మళ్ళీ వంగాడు. ఫొటోను జాగ్రత్తగా కాగితంలో పెట్టి ఆమె చేతికిచ్చాడు.

"నేను చెప్పనమ్మా" అన్నాడు. "ఒగసారి ఇబూదిలో రెక్కలు చూస్తి. ఇంగ నా కన్నును నేను నమ్మను."

బావగారు చాలాసేపు తలపాగా విప్పి చుట్టుకున్నాడు, విప్పి చుట్టుకున్నాడు.

"సరే" అన్నాడు. "కాయ ఎండిందని ఎవరన్నా తేల్చనీ. అప్పుడు చేస్తాం కర్మ."

పురోహితుడికి ఆ సాయంత్రమే వద్దని చెప్పి పంపించాడట. వాడకట్టులో ఏమన్నా అంటే, ఇంగ్లండు నుంచి జవాబు రావాలని చెప్పేవాడట. తర్వాత నన్ను వేరే జిల్లాకు మార్చారు. కురుగోడు దాటే బస్సులో ఒకసారి ఆమెను చూశాను. నుదుట బొట్టు అలాగే ఉంది. నన్ను గుర్తుపట్టి, "పలక పదిలంగా ఉండాదా అన్నా?" అని అడిగి, తన ఊరు రాగానే దిగిపోయింది.

ఇంజినీరు స్నేహితుడి చేత ఆ ఫొటో అసలు నెగెటివ్ కోసం వెతికించాను. చిన్న కంపెనీని కలిపేసుకున్నప్పుడు పాత ఫొటోలన్నీ ఎక్కడికో పోయాయని జవాబు వచ్చింది. కాబట్టి ఉన్నది ఆ ప్రింటు ఒక్కటే. దాని నకలు నా దగ్గర ఇప్పటికీ ఉంది. కారు పేరు కావాలంటే చెప్పగలను, ఇంజను ఎక్కడుందో, ఎందుకు మానుకున్నారో చెప్పగలను. బంపరుకు కట్టిన తాడు చివర, ఆవగింజంత మేర, గుండ్రటి మచ్చ ఒకటి ఉంది. అది ముడుచుకుందో లేదో ఆ సైజులో కనబడదు.